గోదావరిఖనిలో కొత్త ఇల్లు కడుతున్నారా? మీ జాగాలో పడే వాన నీటికి వర్తించే నిబంధనలు ఇవీ

గంటసేపు గట్టి వాన పడితే చాలు. రోడ్డుకు రెండడుగుల ఎత్తు లేపి కట్టిన కొత్త ఇంటి ముందు చుక్క నీరు నిలవదు. ఆ నీరంతా పక్కనున్న పాత రేకుల ఇంట్లోకి, గల్లీ చివరి పల్లంలోకి చేరుతుంది. మరుసటి రోజు అందరూ మున్సిపల్ సిబ్బందిని తిడతారు. మోరీ తీయలేదని కొందరు, నాలా కబ్జా అయిందని ఇంకొందరు అంటారు. అవి నిజమే కావచ్చు. ఆ నీరు ఎవరి జాగా నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు.

కొత్తగా ఇల్లు కట్టేవారు, వెంచర్ వేసేవారు తమ జాగాలో పడిన వాన నీటిని ఏం చేయాలో చెప్పే నిబంధనలు మన దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో ఉన్న గోదావరిఖనికీ అవి వర్తిస్తాయి. అవేంటి? ఎవరికి వర్తిస్తాయి? ఎక్కడ సరిపోవడం లేదు? పాటించకపోతే ఎవరిని అడగాలి?

క్లుప్తంగా

- నది, చెరువు, కుంట, వాగు, నాలా పక్కన ఎంత దూరం వదిలి కట్టాలో 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఈ దూరాలు ప్లాటు చిన్నదైనా పెద్దదైనా వర్తిస్తాయి.
- 200 చదరపు మీటర్లు, అంతకు మించిన జాగాలో వాన నీటి సంరక్షణ ఏర్పాటును వాల్టా చట్టం తప్పనిసరి చేసింది.
- చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. అందులో అబద్ధం ఉంటే బాధ్యత యజమానిదే.
- హైదరాబాద్‌లో పనిచేసే హైడ్రా పరిధి ఇక్కడికి రాదు. నగరపాలక సంస్థ, రెవెన్యూ, నీటిపారుదల శాఖలే చూడాలి.

ఇల్లు కడితే నీరు ఎందుకు పెరుగుతుంది?

వాన అంతే పడుతుంది. నేలలోకి ఇంకేది తగ్గుతుంది.

ఒక లెక్క చూద్దాం. 200 చదరపు మీటర్ల జాగా, అంటే సుమారు 239 గజాలు. అందులో 50 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీరు 10,000 లీటర్లు. అది చెట్టూ చేమా ఉన్న ఖాళీ మట్టి నేల అయితే అందులో దాదాపు 2,000 లీటర్లు మాత్రమే బయటకు పారుతుంది. మిగతాది ఇంకుతుంది, లేదా గుంటల్లో నిలిచి మెల్లగా ఆవిరవుతుంది. అదే జాగాను స్లాబు, సిమెంటు వాకిలితో పూర్తిగా కప్పేస్తే 9,000 లీటర్ల వరకు రోడ్డు మీదికి వస్తుంది. పైగా వెంటనే వస్తుంది. మట్టి నేల మీద గంటసేపు మెల్లగా కదిలే నీరు, పైపుల్లోంచి నిమిషాల్లో మోరీలోకి దూకుతుంది.

ఇంజినీర్లు దీన్ని రన్ఆఫ్ గుణకం అంటారు. మట్టి నేలకు ఇది 0.1 నుంచి 0.3 వరకు, కాంక్రీటుకు, స్లాబుకు 0.7 నుంచి 0.95 వరకు ఉంటుంది. పట్టణ వరదలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇకపై వేసే వాన నీటి కాలువలకు ఈ గుణకాన్ని 0.95 వరకు తీసుకుని లెక్క కట్టాలని సూచించింది. ఊరంతా కాంక్రీటు అవుతుందని ముందే అనుకుని కాలువ వేయమని దాని అర్థం. పాత మోరీలు ఆ లెక్కతో వేసినవి కావు. అందుకే పదేళ్ల కిందట సరిపోయిన మోరీ, వాన పెరగకపోయినా ఇప్పుడు పొంగుతుంది.

గోదావరిఖని పరిస్థితి ఎందుకు వేరు?

మొదటి కారణం నది. పట్టణంలో పడిన నీరు చివరికి వాగులు, నాలాల ద్వారా గోదావరిలోకే చేరాలి. భారీ వరద వచ్చి శ్రీపాద ఎల్లంపల్లి గేట్లు ఎత్తినప్పుడు దిగువన నది మట్టం పెరుగుతుంది. నదే నిండుగా ఉంటే అందులో కలవాల్సిన నాలా వెనక్కి తంతుంది. 2022 జులై వరదల్లో నదికి అవతలి ఒడ్డున ఉన్న మంచిర్యాలలో ఇదే కనిపించింది. గోదావరి పోటుతో రాళ్లవాగు నీరు వెనక్కి ఎగదన్ని కాలనీలు మునిగాయి. అలాంటి రోజున పై కాలనీల నుంచి వచ్చే ప్రతి లీటరూ పల్లపు కాలనీకి భారమే.

రెండో కారణం భూమి. ఇక్కడ ఒకే పట్టణంలో అనేక యాజమాన్యాలు ఉన్నాయి. సింగరేణి క్వార్టర్లు, ఎన్టీపీసీ టౌన్‌షిప్, ఎరువుల కర్మాగారం ప్రాంతం, ప్రైవేటు కాలనీలు, బస్తీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకరి స్థలంలో పుట్టిన నీరు రెండో వారి నాలాలో పారి మూడో వారి ఇంటి ముందు నిలుస్తుంది. కాలువ ఎవరిదో తేల్చుకునేలోపు వానాకాలం అయిపోతుంది.

మూడో కారణం గనులు. భూగర్భ గనుల మీద నేల కుంగే అవకాశం ఉంటుంది. ఓపెన్‌కాస్టుల చుట్టూ మట్టి గుట్టలు పెరిగి నీటి దారులు మారతాయి. ఎప్పుడో తాతల కాలంలో వాగు ఎటు పారేదో ఇప్పటి నేలను చూసి చెప్పడం కష్టం. అందుకే కాగితాలు చూడటం ఇక్కడ మరింత అవసరం.

మొదటి నిబంధన: ఎంత దూరం వదలాలి?

2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నిబంధనలే తెలంగాణ పట్టణాల్లో ఇప్పటికీ ఆధారం. వీటి ప్రకారం నీటి వనరుల అంచు నుంచి వదలాల్సిన దూరాలు ఇలా ఉన్నాయి.

- నది: నగరపాలక సంస్థ, మున్సిపాలిటీ పరిధిలో 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు.
- 10 హెక్టార్లు (దాదాపు 25 ఎకరాలు), అంతకన్నా పెద్ద చెరువు: 30 మీటర్లు.
- అంతకన్నా చిన్న చెరువు, కుంట, శిఖం భూమి: 9 మీటర్లు, అంటే సుమారు 30 అడుగులు.
- 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువ, వాగు, నాలా, వాన నీటి కాలువ: 9 మీటర్లు.
- 10 మీటర్ల లోపు వెడల్పున్నవి: 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు.

ఈ జాగాను పచ్చదనానికి, ఆహ్లాదానికి వాడుకోవచ్చు తప్ప ఇల్లు, షెడ్డు కట్టకూడదు. అంచు ఎక్కడుందో అమ్మేవారు చూపించే గీతతో తేలదు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీతే ఎఫ్‌టీఎల్. దాన్ని నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించాలి. ఎండాకాలంలో చూసి కొన్న ప్లాటు వానాకాలంలో చెరువులో తేలడానికి కారణం ఈ ధ్రువీకరణ అడగకపోవడమే.

చిన్న నాలాకు వదలాల్సిన 2 మీటర్ల దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. రెండు వైపులా ఇళ్లవారు తలా ఒక అడుగు జరిగితే నాలా సన్నబడుతుంది, పూడిక తీసే యంత్రం దిగడానికి దారి ఉండదు. తర్వాత దాని మీద స్లాబు పడుతుంది. ఆ తర్వాత లోపల ఏం అడ్డుపడిందో పైనుంచి చూసేవారికి తెలియదు.

రెండో నిబంధన: ఇంకుడు గుంత ఎవరికి తప్పనిసరి?

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టాన్నే అందరూ వాల్టా అంటారు. తెలంగాణలోనూ అది అమల్లో ఉంది. 200 చదరపు మీటర్లకు తగ్గని నివాస, వాణిజ్య స్థలాల్లో వాన నీటి సంరక్షణ ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. కొత్త కట్టడాలకే కాదు, పాతవాటికీ ఇది వర్తిస్తుంది. గడువులోగా యజమాని చేయకపోతే అధికారులే కట్టించి, ఖర్చును జరిమానాతో సహా వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది.

ఇక్కడే ఒక పెద్ద ఖాళీ ఉంది. 200 చదరపు మీటర్లంటే 239 గజాలు. అంటే 150 గజాలు, 200 గజాల ప్లాట్లు ఈ లెక్కలోకి రావు. ఒక వీధిలో 200 గజాల ఇళ్లు పది కట్టారనుకుందాం. 50 మిల్లీమీటర్ల వానకు ఒక్కో ఇంటి నుంచి సుమారు 7,500 లీటర్లు బయటికి వస్తుంది. పది ఇళ్లకు 75,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 15. ఆ పదిమందిలో ఎవరూ వాల్టా నిబంధనను ఉల్లంఘించినట్టు కాదు. వీధి మాత్రం మునుగుతుంది. నిబంధన ప్లాటు లెక్కన ఉంది, నీరు వీధి లెక్కన పారుతుంది.

అయితే మీ నిర్మాణ అనుమతి పత్రంలో ఇంకుడు గుంతను షరతుగా రాసి ఉంటే, ప్లాటు ఎంత చిన్నదైనా తవ్వాల్సిందే. అనుమతి రాగానే చాలామంది ప్లాను మాత్రమే చూసుకుని షరతులున్న పేజీని పక్కన పెడతారు. ముందు అదే చదవాలి.

ఒక్క గుంత సరిపోతుందా?

సరిపోదు. పొడవు, వెడల్పు నాలుగేసి అడుగులు, లోతు ఆరు అడుగులు ఉన్న గుంత ఘనపరిమాణం సుమారు 2,700 లీటర్లు. అందులో కంకర, ఇసుక నింపాక ఖాళీల్లో నిలిచేది దాదాపు 1,000 లీటర్లే. పైన చెప్పిన 9,000 లీటర్లలో ఇది తొమ్మిదో వంతు. నేల నీటిని పీల్చే కొద్దీ మరికొంత దిగుతుంది గానీ, రేగడి నేల అయితే అదీ మెల్లగానే జరుగుతుంది.

అందుకే గుంతతో పాటు ఇవి చేస్తేనే ఫలితం.

- వాకిలి మొత్తం సిమెంటు చేయకుండా కొంత మట్టి నేల వదలడం, లేదా సందుల్లోంచి నీరు దిగే రాళ్లు పరచడం.
- స్లాబు పైపును నేరుగా రోడ్డు మీదికి వదలకుండా గుంతలోకో, సంపులోకో మళ్లించడం. సంపులోకి పంపేవారు మొదటి వాన నీటిని బయటికి వదిలేయాలి. బొగ్గు దుమ్ము పడే ఊళ్లో ఇది మరీ అవసరం.
- గుంతను పునాదికి ఆనించి తవ్వకపోవడం. రేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. గోడలు పగలొచ్చు.
- ఏటా వానలకు ముందు పై పొర ఇసుక, ఒండ్రు తీసి మార్చడం. మూడేళ్లు పట్టించుకోని గుంత మూసేసిన గుంతతో సమానం.

గని లీజు ప్రాంతంలో ఇల్లు ఉంటే, లోతుగా రీఛార్జ్ బోరు వేసేముందు కింద పాత పనులున్నాయా అని సింగరేణి అధికారులను అడగడం మంచిది. మామూలు ఇంకుడు గుంతకు, వందల అడుగుల బోరుకు తేడా ఉంది.

అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరూ చూడరా?

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం అనుమతుల పద్ధతిని మార్చింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే 21 రోజుల్లో ఏకగవాక్ష విధానంలో తేల్చాలి.

లంచాలు, తిప్పట తగ్గించడానికి తెచ్చిన ఈ పద్ధతిలో తనిఖీ అనుమతి తర్వాతకు మారింది. నా ప్లాటు నాలా పరిధిలో లేదు, చెరువులో లేదు అని రాసిచ్చేది యజమానే. అది తప్పని తేలితే అనుమతి రద్దు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు, నోటీసు లేకుండానే కూల్చవచ్చు. ప్లాను గీసిన వ్యక్తి అన్నీ నేను చూసుకుంటానన్నాడు అనే మాట అప్పుడు పనికిరాదు. సంతకం మీది.

వెంచర్లో ప్లాటు కొంటుంటే?

వాన నీటి సంగతి నిజంగా తేలేది లేఅవుట్ దశలోనే. రోడ్ల వాలు ఎటు, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది, ఖాళీ స్థలం ఎక్కడ వదిలారు అన్నవి ఒకసారి ఖాయమైతే తర్వాత మార్చడం దాదాపు అసాధ్యం. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, కాలువలు వేసే బాధ్యత వెంచర్ యజమానిదే. ఆ పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు ప్రభుత్వ సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. కొనేముందు ఈ ప్రశ్నలు అడగండి.

- కాలువ వేశారా? వేస్తే దాని చివర ఎక్కడ? వెంచర్ గోడ దగ్గర ఆగిపోయిన కాలువ పక్క చేనులోకి నీరు వదలడానికే పనికొస్తుంది.
- వదిలిన ఖాళీ స్థలం పల్లంలో ఉందా, మెరక మీద ఉందా? పల్లంలో ఉంటే నీరు నిలవడానికి చోటుంటుంది.
- మీరు కొనే ప్లాటు తనఖా ప్లాట్లలో ఒకటా?
- ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా?

అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవారికి 2020లో ఎల్ఆర్ఎస్ పథకం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు అది వర్తిస్తుంది. డబ్బు కడితే అన్నీ క్రమబద్ధం అవుతాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చెరువు నీటి పరిధిలో ఉన్న ప్లాటు క్రమబద్ధం కాదు. నాలా పక్కన వదలాల్సిన దూరం ఎల్ఆర్ఎస్ తర్వాత కూడా వదలాల్సిందే.

సింగరేణి స్థలాల్లో నిబంధనలు ఎలా ఉంటాయి?

నీటి విషయంలో గనుల నిబంధనలు పట్టణ నిబంధనలకన్నా చాలా కఠినం. గని ద్వారం అడుగు మట్టం, ఆ చోట అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతున్నాయి. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల చుట్టూ కాలువ తవ్వి, ఆ నీటిని మట్టి పేరుకునే మడుగుల్లోకి మళ్లించి, తేరాకే బయటికి వదలాలన్నది పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా ఉండే షరతు. గుట్ట నుంచి వచ్చే బురద కాలనీ నాలాను పూడుస్తుంటే ఆ షరతును ప్రస్తావిస్తూ గని యాజమాన్యానికి, కాలుష్య నియంత్రణ మండలికి రాయొచ్చు.

ఈ కఠినత్వానికి కారణం కార్మిక కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అది వీధుల్లో పారే వాన నీటి ప్రమాదం కాదు, గని లోపలి ప్రమాదం. కానీ నీరు ఎక్కడ ఉంది, ఎటు కదులుతుంది అన్న లెక్క తప్పితే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు. కింద అంత లెక్క చూసే ఊళ్లో పైన ఇల్లు కట్టేటప్పుడు కాలువ ఎటు పోతుందో చూడకపోవడమే వింత.

కంపెనీ క్వార్టర్ల ప్రాంతంలో కాలువల సమస్యకు ముందు ఆ ఏరియా సివిల్ విభాగానికి ఫిర్యాదు చేయాలి. నీరు కంపెనీ హద్దు దాటి ప్రైవేటు కాలనీలోకి వస్తుంటే నగరపాలక సంస్థకూ ప్రతి ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే కాగితం వెళ్తే, అది మా పరిధి కాదు అని చెప్పడం కష్టమవుతుంది.

నాలా కబ్జా అయితే హైడ్రాకు ఫిర్యాదు చేయొచ్చా?

2024 జులైలో ఏర్పాటైన హైడ్రా పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వరకే. గోదావరిఖనిలో ఫిర్యాదుకు దారులు వేరు.

1. నగరపాలక సంస్థ టౌన్‌ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు తీసుకోండి. ఫొటో మీద తేదీ ఉండేలా చూసుకోండి.
2. చెరువు, వాగు హద్దుల విషయమైతే తహసీల్దారుకు, నీటిపారుదల శాఖకు ప్రతులు పంపండి. హద్దు తేల్చాల్సింది వాళ్లే.
3. కదలిక లేకపోతే పెద్దపల్లి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. టీఎస్-బీపాస్ కింద అక్రమ కట్టడాలపై జిల్లా స్థాయి టాస్క్‌ఫోర్స్‌కు కలెక్టరే నేతృత్వం వహిస్తారు.
4. ఫలానా కట్టడానికి ఇచ్చిన అనుమతి ప్రతి, షరతులు, ఆ నాలా రికార్డు వెడల్పు కావాలని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఫిర్యాదులో ఇంట్లోకి నీళ్లొస్తున్నాయి అని మాత్రమే రాస్తే మోరీ తీసి వెళ్లిపోతారు. సర్వే నంబరు, నాలా పేరు, ప్రస్తుత వెడల్పు, జీవో 168 ప్రకారం వదలాల్సిన దూరం రాస్తే అది నిబంధన ఉల్లంఘన ఫిర్యాదు అవుతుంది. దానికి జవాబు రాతలో ఇవ్వాలి.

ఎప్పుడు అడగాలి?

వానలకు ముందే. కాలువల పూడికతీత ఏటా మార్చి 31 నాటికి పూర్తి కావాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే జనవరి, ఫిబ్రవరిలోనే మీ వీధి నాలా గురించి అడగాలి. ఇంటి విషయంలోనైతే పునాది తీసే రోజే మంచి సమయం. పిల్లర్లు లేచాక నాలా కోసం రెండు మీటర్లు జరగమంటే ఎవరూ జరగరు, స్లాబు పడ్డాక పైపు దారి మార్చమంటే మేస్త్రీ ఒప్పుకోడు.

మీ వీధిలో కొత్తగా పునాది తీస్తుంటే ఆ ఇంటివాళ్లను ఒక్క మాట అడగండి: మీ స్లాబు నీళ్లు ఎటు వదులుతున్నారు? అదే ప్రశ్న మీ ఇంటికీ వేసుకోండి.